తాటాకు నుంచి స్లాబు దాకా – మన ఇళ్ళ వేసవి చరిత్ర

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దల మాట. ఆ తర్వాత రోహిణీ కార్తె ఎంతో దూరంలో ఉండదు. ఏటా ఈ రోజుల్లో మన సంఘ కార్యాలయంలో నలుగురు కూర్చుంటే రెండే విషయాల మీద మాటలు నడుస్తాయి. ఒకటి డి.ఎ. బకాయిలు, రెండోది కరెంటు బిల్లు. మొదటిదాని గురించి రాయడానికి నాకంటే సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. రెండోదాని గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు ఈ ప్రత్యేక సంచికలో రాయమని కార్యవర్గ మిత్రులు అడిగారు.

మన కాకినాడకు పెన్షనర్ల స్వర్గం అని పేరు. తిన్నని వీధులు, దగ్గర్లో సముద్రం, చేతికందే దూరంలో ఆసుపత్రులు ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. అయితే ఈ స్వర్గంలో మేడ మీద పోర్షన్లో మే నెలలో ఒక రాత్రి పడుకున్నవారికి ఇంకో లోకం కూడా గుర్తుకు వస్తుంది. ఎందుకిలా జరిగింది? మన తాత ముత్తాతలు ఇదే ఎండలో, ఇదే ఉక్కలో, కరెంటన్నది లేకుండా ఎలా బతికారు? ఈ ప్రశ్నకు జవాబు మన ఇళ్ళ చరిత్రలోనే ఉంది. ఆ చరిత్రలో నాకూ చిన్న పాత్ర ఉంది. 1970 నుంచి 2006 దాకా ముప్ఫయ్యారేళ్ళు ప్రభుత్వ కట్టడాల విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఇళ్ళ ప్లాన్లు గీసినవాణ్ణి. కనుక ఈ వ్యాసంలో ఎవరినైనా తప్పు పట్టవలసి వస్తే ముందు నన్నే పట్టుకోవాలి.

కరెంటు లేని రోజుల ఇల్లు

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొరగారి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు పారి, పంటలు పండి, చేతిలో డబ్బు ఆడిన తర్వాత డెల్టా గ్రామాల్లో పెద్ద పెద్ద మండువా లోగిళ్ళు లేచాయి. వాటిని ఇప్పుడు సినిమావాళ్ళు అందం కోసం చూపిస్తారు. కానీ ఆ ఇళ్ళు అందం కోసమే కట్టినవి కావు. వేసవిని తట్టుకోవడం కోసం కట్టినవి.

ఒక్కసారి కళ్ళు మూసుకుని ఆ ఇల్లు గుర్తు చేసుకోండి. వీధివైపు అరుగు. దాని మీదికి బాగా వంగిన చూరు. ఎండ గోడను ముట్టుకోవడానికి వీల్లేదు. లోపలికి వెళితే నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా. గదుల్లోని వేడి గాలి పైకి లేచి ఆ మండువాలోంచి బయటికి పోతుంది, దాని స్థానంలో వీధిలోంచీ, పెరట్లోంచీ నీడగాలి లోపలికి వస్తుంది. గదుల పైన అటక. ఊరగాయ జాడీలు, పాత సామాన్లు పెట్టుకునే చోటని మనం అనుకున్నాం గానీ, ఎండ తగిలే కప్పుకీ మన తలకీ మధ్య ఒక పొర గాలిని నిలబెట్టింది అటకే. గోడలు మూరెడు మందం. వెనక పెరడు, బావి, అరటి చెట్లు, కొబ్బరి చెట్లు.

పేదవాడి తాటాకు ఇంటికి ఈ హంగులేమీ లేవు. కానీ ఎండ విషయంలో అది మండువా లోగిలికి ఏమాత్రం తీసిపోదు. తాటాకు పొరల మధ్య గాలి నిలిచి ఉంటుంది. నిలిచిన గాలి వేడిని తేలిగ్గా దాటనివ్వదు. మట్టిగోడ, పేడతో అలికిన నేల, మోకాళ్ళ దాకా వంగిన చూరు. మిట్టమధ్యాహ్నం తాటాకు ఇంట్లోకి అడుగుపెడితే ప్రాణం లేచివచ్చిన అనుభవం మనలో పల్లెటూళ్ళలో పుట్టినవారందరికీ ఉండే ఉంటుంది.

ఈ రెండు ఇళ్ళకీ సూత్రం ఒక్కటే: వేడిని లోపలికి రానివ్వకూడదు. వచ్చిన వేడిని బయటికి నెట్టడం తర్వాతి మాట. ఈ వ్యాసం మొత్తంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఈ ఒక్క ముక్కే.

పెంకు, తడిక, పంకా తాడు

తాటాకు తర్వాత పెంకు వచ్చింది. మొదట కుమ్మరి చేసిన గూన పెంకు, ఆ తర్వాత మనం బెంగుళూరు పెంకు అని పిలుచుకునే పలక పెంకు. నిజానికి దాని పుట్టిల్లు బెంగుళూరు కాదు, మంగుళూరు. బాసెల్ మిషన్‌వారు 1865లో అక్కడ మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానిలో ఒకటి ఇమిడే ఈ పెంకు తేలిక, చౌక, కోతి దూకినా చప్పున కదలదు. క్రమంగా తెలుగునాట ప్రతి ఊరికీ చేరింది. పెంకుల సందుల్లోంచి వేడి గాలి తనంతట తాను బయటికి పోతుంది. సూర్యుడు దిగిన గంటలోనే పెంకు చల్లబడుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, స్లాబు దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

కాకినాడ అప్పటి గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. 1925 తర్వాత తూర్పు గోదావరికి ముఖ్యపట్టణంగా కొనసాగింది. 2022 ఏప్రిల్ 4 నుంచి తన పేరుతోనే ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైంది. అందువల్ల దొరల కచేరీలు, బంగళాలు ఇక్కడ మొదటినుంచీ ఉన్నాయి. ఆ దొరలు మన వేసవిని ఎదుర్కొన్న పద్ధతులు రెండు. మొదటిది వట్టివేళ్ళ తడిక. గుమ్మానికీ, కిటికీకీ కట్టి నీళ్ళు చల్లుతుంటే వడగాలి ఆ తడిలోంచి వచ్చి చల్లబడేది, ఇల్లంతా వట్టివేళ్ళ సువాసన. ఇది దొరలు కనిపెట్టింది కాదు, మనదే.

రెండోది పంకా. ఇప్పటి కరెంటు పంకా కాదు. కప్పు నుంచి వేలాడదీసిన పొడుగాటి కర్రకు గుడ్డ కట్టి, దానికి తాడు కట్టి, ఆ తాడును గోడ కన్నంలోంచి బయటికి తీసేవారు. బయట వరండాలో ఒక మనిషి కూర్చుని రోజంతా ఆ తాడు లాగేవాడు. లోపల దొరగారికి గాలి, బయట లాగేవాడికి చెమట. రాత్రివేళ కునుకు పట్టి చెయ్యి ఆగితే తిట్లు, ఒక్కోసారి దెబ్బలు. ఇంట్లో ఒకరు చల్లగా ఉండడానికి ఇంకెక్కడో ఎవరో కష్టపడాలన్న సంగతి ఆ తాడు కళ్ళెదుట చూపించేది. కరెంటు వచ్చాక ఆ తాడు మనకు కనిపించడం మానేసింది. తాడు మాత్రం తెగలేదు.

కరెంటు వచ్చింది

గోదావరి సీమలో కరెంటు చరిత్రకు మొదట చెప్పుకోవలసిన పేరు రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్. 1924లో కరెంటు తయారుచేసి పట్టణానికి అమ్మడం కోసం ఏర్పడిన కంపెనీ అది. అప్పట్లో ఇలాంటి ప్రైవేటు కంపెనీలు పట్టణాల్లో లైసెన్సు తీసుకుని దీపాలు వెలిగించేవి. 1949లో మద్రాసు ప్రభుత్వం వీటిని స్వాధీనం చేసుకునేందుకు ఒక చట్టం చేసింది. రాజమండ్రి కంపెనీ ఆ చట్టాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1954 ఫిబ్రవరిలో ఆ చట్టం చెల్లదని తీర్పు వచ్చింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే ఏడాది కొత్త రాష్ట్రం తన సొంత స్వాధీన చట్టం చేసుకుంది. కరెంటు వ్యాపారమా, ప్రజలకు ఇవ్వవలసిన సదుపాయమా అన్న చర్చ మన గోదావరి గట్టు మీది కంపెనీతోనే ఢిల్లీ దాకా వెళ్ళిందన్నమాట.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. తర్వాత సీలేరు, 1970 దశకం చివర్లో 460 మెగావాట్ల దిగువ సీలేరు వచ్చాయి. తీగలు పట్టణాలు దాటి పల్లెలకు పాకాయి. అయినా ఆ రోజుల్లో ఇంటికి కరెంటు అంటే దీపమే. నా చిన్నతనంలో జగన్నాథపురంలో మా పెంకుటింట్లో మూడు బల్బులు ఉండేవి. ఫ్యాను లేదు. అవసరమనీ ఎవరికీ తోచలేదు. రాత్రి అందరం మండువాలోనో, అరుగు మీదో, పెరట్లో నులక మంచాల మీదో పడుకునేవాళ్ళం. తాటాకు విసనకర్ర అమ్మ చేతిలో ఉండేది. అర్ధరాత్రి దాటాక సముద్రపు గాలి చల్లబడి, ఆ విసనకర్ర కూడా ఆగిపోయేది.

స్లాబు ఎందుకు వచ్చింది

ఇక స్లాబు మాట. స్లాబును తిట్టడం సులువు. కానీ చరిత్ర రాసేటప్పుడు న్యాయం చెయ్యాలి.

తాటాకు ఇంటికి వేసవిలో ఎండకంటే పెద్ద శత్రువు నిప్పు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గాలికి ఒక పొయ్యిలోంచి నిప్పురవ్వ లేస్తే వీధికి వీధే కాలి బూడిదయ్యేది. రెండో శత్రువు తుఫాను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణంగా, కోనసీమ మీద తీరం దాటిన తుఫానులో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి స్లాబు ఇల్లున్నవారి గుమ్మం ముందు ఊరంతా నిలబడింది. ఒక్కొక్క గదిలో నలభై, యాభైమంది తెల్లవార్లూ నిలబడే గడిపారని విన్నాం. పక్కా ఇల్లు కావాలని పేదవాడు కోరుకోవడం డాబు కోసం కాదు, ప్రాణం కోసం. 1980 దశకంలో ప్రభుత్వాలు పెద్దఎత్తున పక్కా ఇళ్ళు కట్టించడంలోనూ అదే న్యాయం ఉంది.

తప్పు స్లాబు వెయ్యడంలో లేదు. స్లాబు వేసి, మిగిలినవన్నీ తీసెయ్యడంలో ఉంది.

పాత తరం మేస్త్రీలు డాబా వేస్తే దాని మీద ఇటుక జల్లీ, సున్నమూ కలిపి మందంగా దిమ్మిసా కొట్టేవారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కర్ర బద్దలతో రోజుల తరబడి కొట్టిన ఆ పని మీలో చాలామంది చూసే ఉంటారు. వాన నీరు దిగకుండా ఉండడానికే కాదు, ఎండ దిగకుండా ఉండడానికీ అది పనికొచ్చేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఎస్టిమేట్లలో ఆ పద్దు ఉండేది. తర్వాత ఖర్చు తగ్గించాలన్నారు, సున్నం పోయి సిమెంటు పూత మిగిలింది. చూరు తగ్గించాలన్నారు, రెండడుగుల సన్‌షేడు అడుగున్నర అయింది. వరండా దండగ అన్నారు, దాన్ని గదిలో కలిపేశాం. కప్పు ఎత్తు పన్నెండడుగుల నుంచి పదికి దిగింది. ప్రతిదీ ట్రేసింగు కాగితం మీద ఒక చిన్న గీత జరపడమే. ఆ గీతలు జరిపిన చేతుల్లో నా చెయ్యి ఒకటి. ఇల్లు చౌకైంది నిజమే. ఆ మిగిలిన డబ్బును ఇంట్లో ఉండేవాళ్ళు నెలనెలా కరెంటు బిల్లు రూపంలో కడతారన్న సంగతి మా ఎస్టిమేటులో ఏ కాలమ్‌లోనూ లేదు.

1984లో జగన్నాథపురం పెంకుటిల్లు తీసేసి, అదే స్థలంలో నేనూ డాబా వేశాను. 1995లో దాని మీద ఇంకో అంతస్తు లేచింది. కింద అద్దెకిచ్చి మేం పైకి వెళ్ళాం. మా అమ్మగారు గది మధ్యలో నిలబడి కప్పు వంక చూసి, "ఇంటి నెత్తిన నిప్పుల కుంపటి పెట్టావురా అబ్బాయీ" అన్నారు. నేను నవ్వేసి, పెద్ద సైజు ఫ్యాను కొనుక్కొచ్చాను.

2003 మే

2002, 2003 వేసవులు మన రాష్ట్రంలో ఎవరూ మరిచిపోలేరు. వడదెబ్బకు ఒక్కొక్క వేసవిలో దాదాపు వెయ్యిమంది, ఆ పైన చనిపోయారు. 2015లో మళ్ళీ అదే జరిగింది. పడమటి గాలి బలంగా వీస్తే సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. అలాంటి రోజుల్లో కాకినాడ కూడా రెంటచింతలతో పోటీ పడుతుంది.

2003 మే చివర్లో ఒక రాత్రి, పదకొండు దాటాక, మా అమ్మగారు మాట తడబడి పడిపోయారు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. పక్షవాతమనుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు చూసి వడదెబ్బ అన్నారు. "ఆవిడ పది రోజులుగా ఇల్లు కదల్లేదండీ" అన్నాను నేను. "ఇల్లు కదలకపోవడం వల్లే వచ్చింది. ఏ అంతస్తులో ఉంటారు?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్న నాకు మా శాఖలో ముప్ఫయి మూడేళ్ళలో ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని నేనే లెక్క వేసుకున్నాను. అయిదంగుళాల కాంక్రీటు మధ్యాహ్నమంతా ఎండ తాగుతుంది. ఆ వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే బయట చల్లబడే వేళకి లోపల స్లాబు వేడెక్కుతుంది. పెంకు సూర్యుడితోపాటు దిగిపోతుంది, స్లాబు రాత్రంతా కాస్తూనే ఉంటుంది. దాని కింద తిరిగే ఫ్యాను ఆ కప్పు దగ్గరి వేడి గాలినే తెచ్చి ముసలి ఒంటి మీద పోస్తుంది. వయసు మీరినవారికి దాహం తెలియదు, చెమట తక్కువ. అమ్మగారు ఎండలోకి వెళ్ళలేదు. ఎండనే నేను ఇంట్లోకి తెచ్చి పెట్టాను.

దేవుడి దయవల్ల ఆవిడ కోలుకున్నారు. ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని, గుల్ల సున్నం తెచ్చి, ఉప్పూ జిగురూ కలిపి, డాబా మీద రెండు పూతలు వేయించడం. మొత్తం ఖర్చు ఒక ఫ్యాను ధర కంటే తక్కువ. మర్నాడు మధ్యాహ్నం చెప్పులు లేకుండా డాబా మీద నిలబడగలిగాను. ఆ రాత్రి అమ్మగారు కప్పు వంక చూసి ఏమీ అనలేదు. అదే నాకు సర్టిఫికెట్టు. ఆ తర్వాత ఆరేళ్ళు ఆవిడ అదే గదిలో ఉన్నారు.

నేను కనిపెట్టిందేమీ లేదు. హైదరాబాదులో కార్యాలయ భవనాల కప్పులకు తెల్లపూత వేసి శాస్త్రజ్ఞులు కొలిచిన లెక్కలు 2012లో వెలువడ్డాయి. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13, 14 యూనిట్లు ఆదా అయ్యాయి. చల్లదనానికి అయ్యే కరెంటులో అది పది నుంచి పంతొమ్మిది శాతం. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. 2018లో కేంద్రం ఇళ్ళ కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చి, కప్పులోంచి ఎంత వేడి దిగవచ్చో హద్దు పెట్టింది. మా నాయనమ్మకు తెలిసిన సంగతి చట్టం పుస్తకంలోకి రావడానికి ఇంత కాలం పట్టింది.

కనిపించని తాడు

పంకా తాడు తెగలేదని పైన రాశాను. దాని రెండో కొస ఎక్కడుందో గోదావరి వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

మాచ్‌ఖండ్ కోసం కట్టిన జలాపుట్ జలాశయంలో గిరిజన గ్రామాలు మునిగాయి. 1990 దశకంలో విజ్జేశ్వరం, జేగురుపాడు, కాకినాడల్లో గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. ఆ గ్యాసు మన కాళ్ళ కింది నేలలోంచే తీశారు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి, రెండు నెలలకు పైగా మంట ఆకాశాన్ని అంటింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పగిలి, నిద్రలో ఉన్నవారితో సహా ఇరవైమందికి పైగా కాలిపోయారు. ఆ గొట్టంలో పోతున్నది కరెంటు తయారీకి వెళ్ళే గ్యాసే. ఇంత జరిగాక, ఆ గ్యాసు కూడా తగ్గిపోయి 2013 తర్వాత మన జిల్లాల్లో కొన్ని కేంద్రాలు నిలిచిపోయాయి.

అందువల్ల ఒక యూనిట్ ఆదా చెయ్యడం పిసినారితనం కాదు. ఖాళీ గదిలో ఫ్యాను ఆపిన ప్రతిసారీ ఆ తాడు లాగే చేతికి కాస్త విశ్రాంతి ఇచ్చినట్టు.

మన పెన్షన్‌కు, మన వయసుకు తగిన పనులు

చరిత్ర చాలు, ఇక వచ్చే నెలలో ఏం చెయ్యాలో చూద్దాం. మన నెత్తిన రెండు స్లాబులున్నాయి. ఒకటి ఇంటి స్లాబు, రెండోది బిల్లు స్లాబు. యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబులో ఒక్కో యూనిట్ ధర పెరుగుతుంది. కాబట్టి మనం మొదట ఆదా చేసే యూనిట్లు అన్నిటికంటే ఖరీదైనవి. ఇంటి స్లాబును చల్లబరిస్తే బిల్లు స్లాబు దానంతట అదే దిగుతుంది.

మొదటిది, కప్పు. ఎండలు ముదరకముందే డాబా ఊడ్చి, కడిగి, సున్నమో, తెల్లని కప్పు పూతో రెండు చేతులు వేయించండి. సున్నమైతే ఏటా వెయ్యాలి. దుమ్ము పడితే కడగాలి, మాసిన తెలుపు పని చెయ్యదు. డాబా మీద కొబ్బరాకుల పందిరి వేసుకోగలిగితే ఇంకా మేలు. కరెంటు తీగలకూ, నిప్పుకూ దూరంగా వెయ్యండి.

రెండోది, పడమటి గోడ. మధ్యాహ్నం మూడు తర్వాత ఎండ ఏటవాలుగా వచ్చి ఆ గోడనూ, కిటికీలనూ కాలుస్తుంది. కిటికీకి లోపల కర్టెన్ కట్టడం కంటే బయట వెదురు తడికో, గోనెపట్టానో కట్టడం మంచిది. లోపలికి వచ్చిన ఎండను గుడ్డతో ఆపలేం.

మూడోది, వేళ. ఉదయం తొమ్మిది దాటాక ఎండవైపు కిటికీలు మూసి, సముద్రపు గాలి తిరిగాక తెరవండి. రాత్రి వీలైనన్ని తెరిచి ఉంచండి. పాత ఇంట్లో మండువా చేసిన పనిని ఇప్పుడు మనం చేత్తో చెయ్యాలి.

నాలుగోది, ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. ఇప్పటి బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు 30 వాట్లకు అటూ ఇటూ. మనలాంటి ఇంట్లో ఉండేవారికి రోజుకు పదహారు గంటలు తిరిగితే పాతది నెలకు 36 యూనిట్లు, కొత్తది సుమారు 14 యూనిట్లు. ఒక్క ఫ్యానుకే 20 యూనిట్ల పైన తేడా. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు, చూసి కొనండి. అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు, మీరు పడుకునే గదిలోది మార్చండి. గోడ మీద పాతకాలపు పెద్ద నల్ల రెగ్యులేటరు ఇంకా ఉంటే ముందు దాన్ని తీయించండి. అది ఫ్యాను వేగం తగ్గించి, మిగిలిన కరెంటును వేడిగా గదిలోకే వదులుతుంది.

అయిదోది, కూలర్. పొడి గాలి వీచే రాయలసీమలో, హైదరాబాదులో కూలర్ బాగా పని చేస్తుంది. మన కాకినాడలో గాలిలోనే తేమ. తలుపులు మూసి కూలర్ పెడితే గది ఉక్కబోసి చెమట ఆరదు. పడమటి గాలి వీచే పొడి రోజుల్లోనే, కిటికీ తెరిచి వాడండి.

ఆరోది, ఏ.సి. ఉన్నవారు 24 దగ్గర పెట్టి చిన్నగా ఫ్యాను కూడా వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా. అదే కారణంతో 2020 జనవరి నుంచి కొత్త ఏ.సి.లు మొదట 24 మీదే మొదలయ్యేలా నియమం వచ్చింది. తెల్లపూత వెయ్యని స్లాబు కింద ఏ.సి. నడపడం చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడమే.

దీపాల గురించి వేరే చెప్పనక్కరలేదు. పాత బల్బులు ఇచ్చి ఎల్‌ఇడి బల్బులు తెచ్చుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 60 వాట్ల బల్బు పనిని ఇప్పుడు 9 వాట్లది చేస్తోంది. డాబా సొంతమైనవారు 2024లో మొదలైన సూర్యఘర్ పథకం గురించి విద్యుత్ కార్యాలయంలో విచారించండి. పలకలు కరెంటు ఇవ్వడమే కాదు, స్లాబుకు నీడ కూడా ఇస్తాయి. అయితే వాడకం తగ్గించాకే పలకలు లెక్క వేసుకోండి, తక్కువ పలకలతో సరిపోతుంది.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. కరెంటు ఆదా పేరుతో ఒంటిని ఎండబెట్టుకోకండి. "ఇద్దరమే కదా, ఫ్యానెందుకు" అనుకునే అలవాటు మన తరానికి ఉంది. ఆదా చెయ్యవలసింది వృథాను, గాలిని కాదు. గదిలో వేడి నలభై డిగ్రీలు దాటితే ఫ్యాను కూడా వేడినే తెస్తుంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని కింది అంతస్తుకో, చల్లని చోటికో వెళ్ళాలి. దాహం లేకపోయినా మజ్జిగ తాగాలి.

ముగింపు

మన వీధుల్లో మేడ మీద పోర్షన్లో ఒంటరిగా ఉంటున్న పెన్షనర్లు చాలామంది ఉన్నారు. పిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు. వారికి సున్నం తెచ్చి కలిపే ఓపిక ఉండదు, డాబా ఎక్కే మోకాళ్ళు ఉండవు. మన సంఘం ఏటా నూతన సంవత్సరానికి డైరీలు పంచుతుంది, మంచిదే. ఈ ఏడు ఉగాదికి ముందు ఒక ఆదివారం కొందరం కలిసి, ఇద్దరు సున్నం పనివాళ్ళను మాట్లాడుకుని, అలాంటి పది కప్పులకు తెల్లపూత వేయిద్దామని నా విన్నపం. మొదటి బస్తా సున్నం నా వంతు. ముప్ఫయ్యారేళ్ళు గీసిన ప్లాన్లలో వదిలేసిన పద్దు అది. ఇప్పటికైనా ఎస్టిమేటులో చేర్చుకుంటాను.

సభ్యులందరూ ఈ వేసవిని ఆరోగ్యంగా దాటాలని కోరుకుంటూ, సెలవు.